ఫ్లెమింగో పండగ మిస్సయింది, ఫిబ్రవరి-మార్చిలో పులికాట్ వెళ్తే పక్షులు ఉంటాయా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా. వీళ్లు తిరుపతిలో ఉంటారు. జనవరిలో సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వెళ్లడం కుదరలేదు. ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ఒక ఆదివారం అమ్మానాన్నలను, ఎనిమిదేళ్ల పాపను తీసుకుని పులికాట్, నేలపట్టు చూసి రావాలని ఉంది. అప్పటికి పక్షులు వెళ్లిపోయి ఉంటాయా, పెద్ద కెమెరా లేకపోతే వెళ్లడం దండగేనా అని అడుగుతున్నారు.

ఉంటాయండీ, నిశ్చింతగా వెళ్లండి. నన్నడిగితే పండగ రోజుల కంటే ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మధ్య దాకా ఉండే ఆ నాలుగు వారాలే మేలు. జనం తక్కువ, మైకులు ఉండవు, పొద్దున పొగమంచు తగ్గి ఉంటుంది, పైగా కొన్ని పక్షులు రంగు మారేది సరిగ్గా అప్పుడే. కాకపోతే ఒక్క షరతు ఉంది. క్యాలెండర్ చూసి కాదు, నీళ్లు చూసుకుని బయల్దేరాలి. పులికాట్‌లో పక్షి ఎక్కడుంటుంది, ఎంత దగ్గరగా కనిపిస్తుంది అనేది ఆ వారం నీళ్లు ఎంత లోతున ఉన్నాయి అనే దాని మీదే ఆధారపడి ఉంటుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే మీకు మళ్లీ ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

పులికాట్ మన దేశంలో చిలకా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. పాతకాలం వాళ్లు ప్రళయకావేరి అనేవాళ్లు. దానికీ బంగాళాఖాతానికీ మధ్య సన్నగా పొడుగ్గా పడి ఉన్న ఇసుక దిబ్బే శ్రీహరికోట. చూడటానికి సముద్రమంత ఉంటుంది గానీ లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుము దాకా కూడా రాదు. నీళ్లు ఎక్కువగా వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానల వల్ల. కాళంగి, అరణియార్ లాంటి ఏర్లు మంచినీళ్లు తెస్తాయి, సముద్రపు ముఖద్వారాల నుంచి ఉప్పునీళ్లు వస్తాయి. జనవరి తర్వాత వానలు ఉండవు, ఎండ పెరుగుతుంది, అంత పలచగా పరుచుకున్న నీళ్లు రోజురోజుకూ వెనక్కి తగ్గుతూ పోతాయి. మే వచ్చేసరికి ఉత్తరం వైపు పెద్ద భాగం నెర్రెలిచ్చి, మీద ఉప్పు తేలి తెల్లగా అయిపోతుంది.

ఈ తగ్గడం మనకు లాభం. నవంబర్, డిసెంబర్‌లో సరస్సు నిండుగా ఉన్నప్పుడు చిన్న ఉల్లంకి పిట్టలకు, అంటే శాండ్‌పైపర్ లాంటి వాటికి, కాలు మోపే చోటు దొరకదు, రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, కూడా ఎక్కడో దూరాన లోతు తక్కువ ఉన్నచోట గులాబీ గీతలాగా కనిపిస్తాయి, అంతే. ఫిబ్రవరిలో బురద బయటపడుతుంది. ఆ బురదలో పురుగులు, చిన్న నత్తలు, రొయ్య పిల్లలు ఉంటాయి. బురద అంచున బెత్తెడు నీళ్లలో ఒక రకం, జానెడు నీళ్లలో ఇంకో రకం, మూరెడు లోతులో రాజహంసలు, పెళ్లి పంక్తిలో ఎవరి విస్తరి ముందు వాళ్లు కూర్చున్నట్టు, కాలి పొడవును బట్టి, ముక్కు పొడవును బట్టి వరసలు కట్టేస్తాయి. నీటి అంచు ఎక్కడుందో అక్కడ కళ్లు పెట్టండి చాలు. నడిమధ్య నీళ్లలో వెతికి లాభం లేదు, పూర్తిగా ఎండిన చోట వెతికినా లాభం లేదు.

ఇంకో చిన్న కిటుకు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును అడ్డంగా కోసుకుంటూ కట్ట మీద పోతుంది. కట్ట కింద తూములు ఉన్నా నీళ్లు స్వేచ్ఛగా అటూ ఇటూ పారవు. అందుకని రోడ్డుకు రెండు వైపులా నీటి మట్టం ఒకేలా ఉండదు. ఒక వైపు పూర్తిగా ఎండిపోయి ఉంటే రెండో వైపు పక్షులతో కిటకిటలాడుతూ ఉండొచ్చు. ఎడమ కిటికీ నుంచి మాత్రమే చూసి, ఏమీ లేవు అనుకుని వెనక్కి తిరిగి వచ్చేసిన వాళ్లు నాకు తెలుసు.

నీళ్లు ఎలా ఉన్నాయో ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం ఎలా? రెండు దారులు. ఒకటి, సెంటినెల్-2 ఉపగ్రహం తీసే చిత్రాలు ఉచితంగా నెట్‌లో దొరుకుతాయి, సుమారు ఐదు రోజులకొకసారి కొత్తవి వస్తాయి. మబ్బు లేని రోజు చిత్రం తెరిచి శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ చూస్తే నీళ్లు నల్లగా, తడి బురద ముదురు గోధుమ రంగులో, ఎండిన చోటు తెల్లగా స్పష్టంగా తెలుస్తుంది. రెండోది పాత పద్ధతి: సూళ్లూరుపేటలో ఒక ఆటో ఆయన నంబర్ తీసుకుని పెట్టుకోండి, ముందురోజు ఫోన్ చేసి "అన్నా, రోడ్డు పక్కన నీళ్లున్నాయా, పక్షులు దగ్గరగా ఉన్నాయా" అని అడగండి. నేను ఇప్పటికీ రెండోదే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఆయన రోజూ ఆ రోడ్డు మీదే తిరుగుతాడు, ఉపగ్రహం తిరగదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. సూళ్లూరుపేట నుంచి షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, గేటు దాకా 20 కిలోమీటర్ల లోపే. అటకానితిప్ప దగ్గర పక్షులు చూసేందుకు కట్టడం ఉంది, అక్కడ కాసేపు ఆగొచ్చు. రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది. ఫిబ్రవరి, మార్చిలో సూర్యుడు మనకు కాస్త దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరం వైపు, అంటే శ్రీహరికోట వైపు వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు ఉన్న పక్షుల మీద వెలుతురు బాగా పడుతుంది. దక్షిణం వైపు ఉన్నవి నల్లటి నీడబొమ్మల్లా కనిపిస్తాయి. కాబట్టి వెళ్లేటప్పుడు నెమ్మదిగా చూసుకుంటూ వెళ్లండి, వచ్చేటప్పుడు చూద్దాంలే అని వదిలేయకండి. ఇంకోటి, తొమ్మిదిన్నర దాటితే బురద మీద వేడి ఆవిరి ఆడటం మొదలవుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన కెమెరా అయినా దూరంగా ఉన్న పక్షిని అలుక్కుపోయిన బొమ్మలాగే తీస్తుంది. ఆ టైమ్‌కి మీరు టిఫిన్ దగ్గర ఉండాలి.

రాజహంసల గురించి. మీ పాప కోసం చెప్తున్నాను, ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. నెట్‌లో ఫోటోలు చూసి వచ్చే పిల్లలు, పెద్దలు కూడా, "గులాబీ రంగు ఏదీ?" అని నిరాశపడతారు. మన దగ్గరకొచ్చేది గ్రేటర్ ఫ్లెమింగో, నిలబడి ఉంటే దూరానికి తెల్లగానే ఉంటుంది. ఎరుపు, నలుపు అంతా రెక్కల్లో దాక్కుని ఉంటుంది. అది ఒళ్లు విరుచుకుని రెక్క చాచినప్పుడు, లేదా గుంపు తనంతట తాను లేచి చోటు మారినప్పుడు ఒక్కసారిగా ఆ రంగు బయటపడుతుంది. ఓ అరగంట ఒకే గుంపును చూస్తూ కూర్చుంటే ఏదో ఒకటి రెక్క విప్పుతుంది, ఓపిక పట్టండి. బూడిద రంగులో, ముక్కు కూడా మాసినట్టు ఉన్నవి కనిపిస్తే అవి జబ్బు పక్షులు కావు, పిల్లవి. పుట్టుకతో రంగు రాదు, తినే ఆల్గే, ఉప్పునీటి రొయ్యల్లో ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల కొన్నేళ్లకు వస్తుంది. తిండి తినేటప్పుడు గమనించండి, తల తలకిందులుగా పెట్టి, పై ముక్కు కిందకు వచ్చేలా నీటిని వడకడతాయి. కొన్ని ఒకేచోట కాళ్లతో తొక్కుతూ గుండ్రంగా తిరుగుతాయి, అడుగున ఉన్న బురదను లేపడానికి. పిల్లలకు ఇది చూపిస్తే చాలు, పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు.

మన దేశంలో ఇవి గుడ్లు పెట్టే పేరున్న చోటు కచ్ రణ్. అక్కడ నీళ్లు అనుకూలిస్తే వెళ్తాయి, లేకపోతే ఆలస్యం చేస్తాయి. అందుకే మార్చిలో ఒక్కటీ ఉండదేమో అన్న భయం అనవసరం, వయసుకు రానివి ఎలాగూ ఇటే తచ్చాడుతూ ఉంటాయి.

ఇక నాకు అసలు ఇష్టమైన భాగం. చాలామంది రాజహంసలు చూసి కారెక్కేస్తారు. వాటి కాళ్ల దగ్గర పరిగెత్తే మట్టిరంగు చిన్న పిట్టల్ని ఎవరూ పట్టించుకోరు. డిసెంబర్‌లో అయితే పట్టించుకోకపోయినా తప్పులేదు, ఎందుకంటే అన్నీ ఒకే బూడిద రంగులో ఉండి ఏది ఏదో చెప్పడం కష్టం, అనుభవం ఉన్నవాళ్లు కూడా తల గోక్కుంటారు. కానీ ఫిబ్రవరి చివరికొచ్చేసరికి అవి పెళ్లి బట్టలు వేసుకోవడం మొదలుపెడతాయి. ఉత్తరాన గుడ్లు పెట్టే చోట్లకు పోయే ముందే ఈకలు మారతాయి. బ్లాక్‌టెయిల్డ్ గాడ్విట్‌కు మెడ, రొమ్ము ఇటుక రంగుకు తిరుగుతాయి. కర్ల్యూ శాండ్‌పైపర్, కిందికి వంగిన ముక్కు ఉన్న ఆ చిన్నది, కడుపు మీద అక్కడక్కడా ఎర్ర మచ్చలతో మొదలై మార్చి, ఏప్రిల్‌కు పూర్తిగా జేగురు రంగులోకి మారుతుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్‌కు ముఖం నుంచి పొట్ట దాకా నలుపు దిగుతుంది. శాండ్ ప్లోవర్‌కు రొమ్ము మీద కాషాయ పట్టీ వస్తుంది. ఒకే గుంపులో సగం మారినవి, అస్సలు మారనివి, పూర్తిగా మారినవి కలిసి ఉంటాయి, అది చూడటమే ఒక సరదా.

వీటిలో అన్నిటికంటే చిన్నది లిటిల్ స్టింట్, పిచ్చుకంత ఉంటుంది, బరువు 25, 30 గ్రాములు. అది వేసవిలో గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ టండ్రాలో, అంటే సైబీరియా ఉత్తరపు చివర. సూళ్లూరుపేట బురదలో తిన్న పురుగుల బలంతోనే అది అంత దూరానికి మొదటి అడుగు వేస్తుంది. ప్రయాణానికి ముందు కొన్ని వారాల పాటు ఇవి కడుపునిండా తిని ఒంట్లో కొవ్వు నిల్వ చేసుకోవాలి, ఆ కొవ్వే వాటికి పెట్రోలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

గుర్తుపట్టడానికి మొదట్లో రంగు చూడకండి. కాలు ఎంత పొడవు, ముక్కు ఎంత పొడవు, ముక్కు ఎటు వంగింది, తినే తీరు ఏమిటి ఈ నాలుగూ చూడండి. రెండడుగులు పరిగెత్తి, ఆగి, టక్కున పొడిస్తే అది ప్లోవర్ జాతి. తల ఎత్తకుండా బట్టలు కుట్టే మిషన్‌లా పొడుస్తూనే పోతుంటే శాండ్‌పైపర్, స్టింట్ లాంటివి. పొడుగ్గా గులాబీ రంగు కాళ్ల మీద నడిచే నలుపు తెలుపు పక్షి బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్, దీన్ని మీ పాప ఐదు నిమిషాల్లో పట్టేస్తుంది. ముక్కు పైకి వంగి, నీటిని అటూ ఇటూ కోస్తున్నట్టు ఊపితే అవోసెట్. వేటికీ అందనంత పొడవుగా కిందికి వంగిన ముక్కు ఉంటే కర్ల్యూ.

గల్స్ అనే నీటిపక్షులు కూడా ఇదే టైమ్‌లో మారతాయి. చలికాలమంతా చెవి దగ్గర ఒక చుక్కతో తెల్ల తలలతో తిరిగినవి మార్చికి గోధుమ రంగు ముసుగు తొడుక్కుంటాయి. బ్రౌన్‌హెడెడ్ గల్‌కు కళ్లు తెల్లగా, రెక్క చివర నలుపులో తెల్ల మచ్చ, రెండో రకమైన బ్లాక్‌హెడెడ్ గల్‌కు అవి ఉండవు. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు మాత్రం ఆలస్యం చేస్తే దొరకవు, మార్చి గడిచేకొద్దీ పలచబడిపోతాయి. బాతులే మీకు ముఖ్యమైతే ఫిబ్రవరి దాటనివ్వకండి.

నేలపట్టు. ఇది పూర్తిగా వేరే కథ, మీ అమ్మానాన్నలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. దొరవారిసత్రం మండలంలో, హైవే దిగి కాస్త లోపలికి వెళ్లాలి. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 458 హెక్టార్లు. చెరువు నీళ్లలో నిలబడి పెరిగే నీటి కడప చెట్లు ఉన్నాయి, వాటి తలల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కట్టుకుంటాయి. చెట్టు చుట్టూ నీళ్లుంటే పిల్లులు, నక్కలు దగ్గరికి రాలేవు, అదే వాటి ధైర్యం. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు, నైట్ హెరాన్లు. వానలు సరిగ్గా పడి నవంబర్, డిసెంబర్‌లో గూళ్లు మొదలైతే మీరు వెళ్లేసరికి గూళ్లలో పెద్ద పెద్ద పిల్లలు ఉంటాయి. పిల్ల తన తలంతా తల్లి సంచిలోకి దూర్చి, గొంతు దాకా వెళ్లి చేపను లాక్కోవడం చూస్తే మొదట తల్లిని మింగుతోందా అనిపిస్తుంది. ఆ గోల, ఆ కంపు రెండూ గట్టిగానే ఉంటాయి, ముందే చెప్తున్నా.

నత్తగుల్ల కొంగ ముక్కు చూడండి, మూసినా మధ్యలో సందు ఉంటుంది. గూట్లో పిల్లలకు ఆ సందు ఉండదు, పెద్దయ్యే కొద్దీ వస్తుంది. మీ పాపకు దుర్భిణి ఇచ్చి సందు ఉన్నవి ఏవి, లేనివి ఏవి అని వెతకమనండి, అరగంట మీ జోలికి రాదు.

ఇక్కడ తెల్లవారుజామునే ఉండాల్సిన పనిలేదు, గేటు కూడా అంత పొద్దున్నే తెరవకపోవచ్చు. పదీ పదకొండు మధ్య ఎండ కాగి గాలి పైకి లేవడం మొదలయ్యాక గూడబాతులు రెక్కలు ఆడించకుండా సుడి తిరుగుతూ ఆకాశంలోకి ఎక్కుతాయి. అంత బరువైన పక్షికి ఆ వేడిగాలే లిఫ్టు. అలా ఎత్తుకు ఎక్కి పులికాట్ వైపు జారుకుంటూ వెళ్లి చేపలు పట్టుకొస్తాయి. అంటే పొద్దున మీరు రోడ్డు మీద చూసిన గూడబాతుల్లో కొన్నింటి పిల్లలే ఇక్కడ గూళ్లలో ఎదురు చూస్తూ ఉండొచ్చు. ఊరివాళ్లకు వీటి మీద మమకారం ఎక్కువ. పక్షులు వస్తే వానలు, పంట బాగుంటాయని నమ్మకం, దానికి తోడు రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు లాంటివి. దగ్గర్లోనే వెదురుపట్టు అనే ఊళ్లో అయితే పెయింటెడ్ స్టార్క్‌లు ఊరి చెట్ల మీదే గూళ్లు పెడతాయి, టైమ్ ఉంటే చూడండి, కానీ అది జనం కాపురముండే ఊరు, ఇళ్ల ముందు గుంపుగా నిలబడి హడావుడి చేయకండి.

ఇప్పుడు మీ ఆదివారం ప్లాన్. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది, దూరం మాత్రం మారలేదు, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే వెలుతురు వచ్చే వేళకు కట్ట మీద ఉంటారు. తొమ్మిదిన్నర దాకా అక్కడ, తర్వాత సూళ్లూరుపేటలో టిఫిన్, అమ్మానాన్నలు అడిగితే చెంగాళమ్మ గుడి, ఆ తర్వాత నేలపట్టు, మధ్యాహ్నం ఎండ ముదిరేలోపు ఇంటిదారి. కట్ట మీద నీడ ఉండదు, బాత్రూములు ఉండవు, కొట్లు ఉండవని అనుకునే వెళ్లండి. సూళ్లూరుపేటలోనే అన్నీ ముగించుకోవాలి. పెద్దవాళ్లకు తెల్లవారుజామున లేవడం కష్టమైతే ముందురోజు సాయంత్రం సూళ్లూరుపేటలో లాడ్జి తీసుకోవడం నయం.

శివరాత్రి తేదీ తప్పకుండా చూసుకోండి. శ్రీకాళహస్తిలో బ్రహ్మోత్సవాలు జరిగే ఆ రోజుల్లో ఆ దారిన వెళ్తే మీ తెల్లవారుజాము ట్రాఫిక్‌లోనే తెల్లారిపోతుంది. తప్పదు అనుకుంటే పుత్తూరు, నాగలాపురం, సత్యవేడు మీదుగా తడకు వచ్చి అక్కడి నుంచి సూళ్లూరుపేట చేరుకోవచ్చు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారు కదా, సరస్సు మీద అది నిజమే, ఆ తర్వాత ఎండ రోజురోజుకూ ముదురుతుంది, పక్షులు చూసే టైమ్ పొద్దున ఇంకో అరగంట ముందే అయిపోతుంది.

రాకెట్ ప్రయోగం ఉన్న రోజు కూడా వద్దు. రోడ్డు మీద తనిఖీలు, ఆంక్షలు ఉంటాయి, ఎక్కడ ఆపినా ముందుకు పొమ్మంటారు. మామూలు రోజుల్లో కూడా పాస్ లేకుండా షార్ గేటు దాటి లోపలికి వెళ్లలేరు, గేటు దగ్గర ఫోటోలు తీయకండి, డ్రోన్ ఊసే ఎత్తకండి. అందరి ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. షార్ ఉద్యోగుల బస్సులు ఆ రోడ్డు మీద వేగంగా పోతాయి, పాపను రోడ్డు వైపు దించకుండా చూసుకోండి.

అన్నట్టు కారు దిగకుండానే ఎక్కువ చూడొచ్చు. మనిషి నడిచి వస్తే లేచిపోయే పక్షి, బండి ఆగితే పట్టించుకోదు. ఇంజిన్ ఆపేసి, అద్దం దించి, పది నిమిషాలు మాట్లాడకుండా ఉంటే మొదట దూరం జరిగినవి కూడా మళ్లీ దగ్గరికి వస్తాయి. కిందికి దిగి బురదలో నడుద్దాం అన్న ఆలోచన అస్సలు వద్దు. పైన గట్టిగా కనిపించినా లోపల మోకాలి దాకా దిగబడే రొంపి ఉంటుంది.

ఒకసారి మార్చిలో నా ముందు ఒక కుర్రాడు పెద్ద లెన్సు వేసుకుని వచ్చి, గుంపు ఎగిరితే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టి, అరిచి, చివరికి రాయి కూడా విసిరాడు. రెండొందల దాకా గాడ్విట్లు, స్టింట్‌లు లేచి చక్కర్లు కొట్టి దిగబోతుంటే మళ్లీ లేపాడు. పైన కొవ్వు సంగతి చెప్పాను కదా, రోజుకు ఇలాంటివాళ్లు నలుగురు వస్తే ఆ పిట్టలు తిన్నదంతా అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. నేను వెళ్లి చెప్తే "పక్షులు ఎగరడానికే కదా సార్ ఉన్నది" అన్నాడు. బీములవారిపాలెం పడవల్లో కూడా ఇదే గొడవ, ఇంకా దగ్గరికి పోనియ్ అని పడవాయన మీద ఒత్తిడి తెస్తారు. తలలు పైకెత్తి ఒకే వైపు నడవడం మొదలుపెట్టాయంటే అప్పటికే మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం, అక్కడే ఆగాలి.

కెమెరా విషయం. లేకపోతే ఏమీ కాదు, ఉంటే చాలామంది దాని వెనకే ఉండిపోయి ఏమీ చూడరు. దానికి బదులు ఒక 8×42 దుర్భిణి కొనండి లేదా ఎవరి దగ్గరన్నా అడిగి తెచ్చుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 10, 12 రెట్లవి చూసి ఆశపడకండి, చెయ్యి వణికితే బొమ్మ కూడా వణుకుతుంది, పెద్దవాళ్లకు మరీ ఇబ్బంది. పాపకు ముందే ఇంట్లో ఫోకస్ తిప్పడం నేర్పండి, డాబా మీద నుంచి కరెంటు తీగ మీది కాకిని పట్టుకోగలిగితే చాలు. ఇంకా కావాలంటే ఒక ఆదివారం ముందుగా రాయలచెరువుకు తీసుకెళ్లి నీటికాకులు, తెల్లకొంగలు, లకుముకి పిట్టల మీద సాధన చేయించండి. ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకోండి, పేరు తెలియనప్పుడు సాయపడుతుంది, కానీ దూరాన ఉన్న ఉల్లంకి పిట్ట ఫోటో ఇస్తే తప్పు పేరు కూడా చెప్తుంది, కాబట్టి కాలు, ముక్కు మీరూ చూసుకోండి. చూసినవి పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ సైట్‌లో ఎక్కించండి. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని ప్రపంచమంతా పక్షులు లెక్కపెడతారు, మీ పెరట్లో పదిహేను నిమిషాలు కూర్చుని లెక్కపెట్టినా అందులో చేరినట్టే.

చివరగా, వానలు సరిగ్గా పడని ఏడాది అయితే ఏం చేయాలి? అలాంటి ఏడాది ఫిబ్రవరి చివరికే కట్టకు రెండు వైపులా ఎండిపోయి, నేలపట్టులో కూడా గూళ్లు పలచగా ఉండటం నేను చూశాను. అప్పుడు పక్షులు మాయమైపోవు, మిగిలిన నీళ్ల దగ్గరికి చేరతాయి. నాయుడుపేట నుంచి తడ దాకా హైవే పక్కన చిన్నా పెద్దా చెరువులు చాలా ఉన్నాయి, వాటిలో నీళ్లున్న చెరువు కనిపిస్తే ఆగండి, అక్కడే తెడ్డుమూతి కొంగలు, పెయింటెడ్ స్టార్క్‌లు, గూడబాతులు కలిసి దొరికిన రోజులున్నాయి. దక్షిణం వైపు, బీములవారిపాలెం దగ్గర నీళ్లు మిగతా చోట్ల కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి, అటు కూడా ఒకసారి చూడండి. వానలు దంచికొట్టిన ఏడాది అయితే దీనికి ఉల్టా, 2021 నవంబర్ లాంటి వానల తర్వాత తొందరపడకుండా మార్చి దాకా ఆగడమే మంచిది. మీరు వెళ్లే ముందు వారం ఉపగ్రహ చిత్రం చూసి అర్థం కాకపోతే ఇక్కడే పెట్టండి, ఏ వైపు ఆగాలో చెప్తాను.